యాకయ్య పేరున్న గుండి

రాయన్నపేటల తెల్లారంగనే ఆడోళ్లు వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పి జల్లి, తలుపు జర ఓరగ తెరిచిపెడుతరు. పెండ్లికో బోనానికో పక్కింటోళ్లు తీస్కపోయిన గిన్నెలు తిరిగొచ్చే యాళ్ల అది. మా గిన్నె ఇయ్యలేదని ఆ ఊర్లె ఎన్నడూ లొల్లి కాలేదు. చెంబులు దొర్లుకుంట వస్తయి, తాంబాలాలు అంచు మీద నిలబడి వస్తయి, పెద్ద గుండిలైతే కులపెద్దల లెక్క నిమ్మలంగ ఊగుకుంట వస్తయి. కంచరి వీరాచారి ఉలితోని చుక్కలు చుక్కలుగ పేరు కొట్టిండంటే, ఇగ ఆ గిన్నె ఆ పేరుగల మనిషిది. మనిషి ఏడుంటే ఆడికే పోతది. చేను పనికి పోయేటప్పుడు వెంబడి పడకుంట తలుపుకు గొళ్లెం పెట్టుకోవాలె, అంతే.

నలభై ఎనిమిది వానకాలంల ఆ గిన్నెలు గడీల పడ్డయి. దొరలకు ఎదురు తిరిగిన సంఘపోళ్లకు అన్నం పెడుతున్నరని చెప్పి పోలీసు అమీన్ జవాన్లను తోలిండు. వాళ్లు ఇల్లిల్లు దులిపి, దొరికిన గిన్నెనల్ల మోసుకచ్చి గడీ కొట్టంల ఏసిండ్రు. గడీ దొర అప్పటికే పట్నం ఉరికిండు. ఊరిని ఏండ్లకేండ్లు ఏడిపించినోడు, ఉరికేటప్పుడు మాత్రం చెప్పులు సుత ఏసుకోలేదట! ఆయన గడీలనే అమీన్ ఠాణా పెట్టుకున్నడు. పొద్దుమాపు కొట్టం తలుపును గిన్నెలు లోపటి నుంచి గుద్దుతనే ఉండేటియి.

"ఏం చప్పుడది?" అని వచ్చిన కొత్తల అడిగిండు అమీన్.

"గిన్నెలు సాబ్. ఇంటికి పోతమంటున్నయి" అన్నడు జవాన్ ఉప్పలయ్య. ఉప్పలయ్య ఆ ఊరి పిల్లగాడే, వేరే పని దొరకక తుపాకి పట్టిండు.

"ఇంకో తాళం ఎయ్యి" అన్నడు అమీన్.

ఓ పొద్దున అమీన్ యాకయ్యను పిలిపించిండు. యాకయ్య జనగామల రైసుమిల్లు ఇంజను మీద తొమ్మిదేండ్లు చేసొచ్చిన మనిషి. నూనె మరక పోని చేతులు, తక్కువ మాటలు. గడీ వరండల బల్ల మీద దొర మోటరు పండబెట్టి ఉంది. పడవ తోకకు బిగిచ్చే మోటరు అది. రెండు సిలిండర్లు, పైన ఇత్తడి ట్యాంకి, కింద నీళ్ల పంక. చెరువుల బాతులను కొట్టనీకని దొర ఇరవై ఏండ్ల కింద బొంబాయి నుంచి తెప్పిచ్చిండు. దొర మేనల్లుడొకడు పెట్రోల్ల నూనె కలపకుంట నడిపి దాని పాణం తీసిండు.

"రేపు పొద్దు నెత్తి మీదికొచ్చేసరికి ఇది నడవాలె" అన్నడు అమీన్. "నేను ఫౌజుల లారీలు తోలిన. ఇంజను సంగతి నాకు తెలుసు. నా ముంగట వేషాలెయ్యకు."

"గంత జల్ది ఎందుకు సాబ్?"

"చెరువు ఆవలి ఒడ్డుకు దెబ్బ తగిలినోళ్లు అయిదుగురున్నరు. నడవలేరు. ఎన్క వాగులు పొంగినయి, మంచాల మీద మోసుకపోదమన్నా దారి లేదు. ముంగట చెరువు. తెడ్లేసుకుంట మెల్లగ పోతే నడిచెర్వులనే మమ్ములను కాల్చి పడేస్తరు. వాగులు తగ్గేలోపల నేను ఆడ దిగాలె."

యాకయ్య తల ఊపి, పానా అందుకున్నడు. ఆ అయిదుగుర్ల ఒకామె సారక్క, ఆయన భార్య. సద్దిగిన్నెల చీటీలు దాచుకుని దళానికి అంబలి మోసేది. మూడు దినాల కింద ఆమె పిక్కల తూటా దిగింది. చెరువు ఈవల పడిపోతే దళపోళ్లు పుట్టిల ఏసుకుని ఆవలికి తీస్కపోయిండ్రు. ఆమె దంతాలపల్లికి, తల్లిగారింటికి పోయిందని యాకయ్య ఊరంత చెప్పుకచ్చిండు. ఊరంత నమ్మినట్టు తల ఊపింది.

పైచక్రం విప్పి, సిలిండర్లను చెరో పక్కకు గుంజిండు. ఒక పిస్టను గోడకు పట్టుకుని రానంటే రానంది. చెక్కముక్క పెట్టి తట్టి తట్టి తీస్తే అంచు పగిలి ఉంది, ఒళ్లంత గీతలు. రెండోది ఊడొచ్చింది గాని దానికి సుత గీతలే, రెండిటి పిన్నులు నడుమ అరిగి సన్నబడ్డయి. చెయ్యి పెట్టి ఊపితే టకటకమంటున్నయి. అమీన్ స్టూలు దగ్గెరికి జరుపుకుని తనే ఊపి చూసిండు.

"రెండు పిస్టన్లు, రెండు పిన్నులు పోయినయి" అన్నడు అమీన్.

"బొంబాయి నుంచి రావాలె సాబ్. పదిహేను దినాలు పడుతది."

"జనగామ మిల్లుల పోత పోసి పిస్టను చేసినవట గద. అందరు చెప్పుకుంటున్నరు."

ఆ ముచ్చట నలుగుర్ల గొప్పగ చెప్పుకున్నది యాకయ్యనే. తన నోటిని తనే తిట్టుకున్నడు. అది గాక పిన్నులకు పనికొచ్చే మిల్లు ఇంజను పాత వాల్వు కడ్డీ సుత ఆయన సంచిలనే ఉంది. అమీన్ సంచి గుమ్మరించి చూసి నవ్విండు.

వీరాచారిని కొలిమితో సహా గడీకి తెచ్చిండ్రు. ఇగ సత్తు కావాలె. అమీన్ కొట్టం తాళాలు తీయించిండు. తలుపు తెరుచుడే ఆలస్యం, చెంబులు, గిన్నెలు కాళ్ల మీద పడి ఉరికినయి. జవాన్లు తలుపు నెట్టి మూసేలోపల సగం గడీ దాటిపోయినయి, లోపట మిగిలినయన్ని ఇత్తడియి, కంచువే. అమీన్ బూటు కింద ఒక్కటి చిక్కింది. మూతగల సత్తు సద్దిగిన్నె. యాకయ్య దాన్ని చూసి గుర్తుపట్టిండు. జనగామ అంగట్ల తను కొన్నదే. దాని మీద సారక్క అని చుక్కలు.

గిన్నె బూటు కింది నుంచి చెరువు దిక్కే గుంజుకుంటున్నది.

"బలమైన సత్తు" అన్నడు అమీన్. "ఎవలిది? మీ తెలుగు అక్షరాలు నాకు రావు."

ఉప్పలయ్య వంగి చూసిండు. ఆ గిన్నెల అంబలి తాగి పెరిగిండు వాడు. వేలితోని చుక్కలు తడిమిండు.

"పేరు అరిగింది సాబ్. ఎవలో ముసలామెది."

"కానీ. కరిగించు."

వీరాచారి లేచి నిలబడ్డడు. "సాబ్, పేరు తీయంది పొయ్యిల ఏసే ఆనవాయితీ మాకు లేదు. ఉలితోని చుక్క చుక్క కొట్టెయ్యాలె. జాముసేపు పడుతది."

"ఆనవాయితీలు మీ ఇంట్ల పెట్టుకో. పేరు మీదిమీద ఉంటది, కరిగినంక యాడిది? పొయ్యి ఊదు."

పేరు మీదిమీద ఉండదని ఆ ఊరోళ్లందరికీ తెలుసు. ఆ గిన్నె కరిగి పిస్టనైతే మోటరు ఎవలూ దారి చూపకుంటనే సారక్క మంచం కాడికి పోయి ఆగుతది. పొదలల్ల దాచినా, గుట్టెక్కిచ్చినా ఆమెనే వెదుక్కుంటది. యాకయ్య ముంగటికి వంగిండు. గిన్నెను అందుకుని తిరగేసిండు.

"సాబ్, అడుగున చూడుండ్రి. ఇనుప మేకుతోని మాటేసిండ్రు. సత్తుల ఇనుము కలిస్తే పిస్టను పెళుసైతది. నడిచెర్వుల పగుల్తది."

అమీన్ జేబుల చాకు తీసి మాటును గీకిండు. ఇనుమే. ఇంజను తెలిసిన మనిషి కాబట్టి ఊకున్నడు. గిన్నెను కొట్టంలకు ఇసిరి తాళమేయించిండు.

"మరి సత్తు ఏది?"

"మా ఇంట్ల సత్తు గుండి ఉంది" అన్నడు యాకయ్య. "ఉప్పలయ్య పోయి గొళ్లెం తీస్తే సాలు."

జరసేపటికి గుండి గడీ దర్వాజల నుంచి ఊగుకుంట వచ్చి యాకయ్య మోకాలి పక్కన నిలబడ్డది. ఆయన పెండ్లికి వీరాచారి తండ్రి యాకయ్య అని చుక్కలు కొట్టి ఇచ్చిన గుండి అది. వీరాచారి గుండి దిక్కు చూసిండు, యాకయ్య దిక్కు చూసిండు.

"యాకయ్యా, ఆలోచన చెయ్యిరా" అన్నడు మెల్లగ.

"చేసిన చారన్నా. పొయ్యిల ఎయ్యి."

ఆయన ఆలోచన ఇంతే. పడవ పోతది, తను ఒడ్డున ఉంటడు, తన పేరున్న పిస్టన్లు తనను ఇడిచి పోవు. పడవ ఒడ్డు చుట్టే తిరుగుతది. అమీన్ కోపానికొచ్చి తనను కాలుస్తడు. కాల్చనీ. ఈలోపల ఒక దినం గడుస్తది, వాగులు తగ్గుతయి, మంచాలు లేస్తయి. భయం కాలేదా అంటే అయింది. అయినా చెయ్యి పని చేసుకుంటనే పోయింది.

సత్తు సల్లారితే కుంచించుకపోతది. అందుకని పాత పిస్టనుకు పల్చగ మైనం పట్టిచ్చి, చెరువు ఇసుకల అచ్చు తీసిండ్రు. గుండి పొయ్యి మీది మూసల మెత్తబడి, మెరిసి, నీళ్లయింది. పోత పోస్తుంటే వీరాచారి పెదాలు కొరుక్కున్నడు. మర్నాడు పొద్దున కంచరోళ్ల తిప్పుడు చక్రం మీద ఎక్కిచ్చి, ఇద్దరు తోలు పట్టీ గుంజంగ పిస్టన్లను నునుపు చేసిండ్రు. యాకయ్య రింగులు కూసునే గాళ్లు తీసిండు, పిన్ను బెజ్జం తొలిసిండు. వాల్వు కడ్డీని ముక్కలు కోసి, ఆకురాయితోని దిద్ది, ఎర్రగ కాల్చి నూనెల ముంచిండు. పిస్టనును వేడి నూనెల కాచి బొటనేలితో నెడితే పిన్ను సప్పుడు లేకుంట లోపటికి జారింది. నూనె పూసి సిలిండర్ల ఇడిచిపెడితే పిస్టను మెల్లమెల్లగ దిగింది. దుఃఖంల సుత ఆయనకు ఆ పని జూసి జర సంబురమైంది. మంచి పని అట్లనే ఉంటది, ఎవని కోసం చేస్తున్నమో దానికి పట్టదు.

"మూపు ఎటుంది?" అన్నడు అమీన్ దగ్గెరికి వంగి. పిస్టను తల మీద మూపు లెక్క ఎత్తుంటది, అది తిరగబడితే మోటరుకు బలముండదు. "నిటారు దిక్కు పెట్రోలొచ్చే బెజ్జానికి ఉండాలె."

"అట్లనే పెట్టిన సాబ్."

అమీన్ వేలు పెట్టి చూసి, భుజం తట్టిండు.

మిట్టమధ్యాహ్నం చెరువు కాడ పడవ తోకకు మోటరు బిగిచ్చిండ్రు. రాయన్నచెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మత్తడి గోడ మీది నుంచి కిందికి దుంకుతున్నయి, దాని మోత ఊరి దాక వినబడుతున్నది. అమీన్ ఎక్కిండు, ఉప్పలయ్య, ఇంకిద్దరు జవాన్లు తుపాకులతోని ఎక్కిండ్రు. జాగ చాలక తెడ్లు ఒడ్డున పారేయించిండు అమీన్.

"యాకయ్యా, నువ్వు గూడ ఎక్కు. నడుమ మోటరాగితే ముందు పేలేది నీ తలకాయ."

ఇది యాకయ్య అనుకోలేదు. ఎక్కి కూసున్నడు. తాడు చుట్టి గుంజిండు. ఒక్క గుంజుడుకే మోటరు అందుకున్నది. పొగ, చప్పుడు, పంక కింద నీళ్లు సుడులు. పడవ మాత్రం జానెడు సుత జరగలేదు. నీళ్లల్ల పాతేసినట్టు నిలబడ్డది.

అమీన్ పంక చూసిండు, పట్టు మరలు చూసిండు, అడుగున నేల తగిలిందేమోనని తుపాకి కొయ్యతోని పొడిచి చూసిండు. అన్నీ మంచిగనే ఉన్నయి. యాకయ్య దిక్కు తిరిగిండు. పకపక నవ్విండు.

"అరే! గుండి ఇంటికాడనే ఉన్నది గద. పేరుగలోడు పక్కల కూసుంటే అది యాడికి పోతది? పేరు తీయంది పొయ్యిల ఎయ్యొద్దని ఆచారి చెప్పనే చెప్పిండు." తపంచ తీసి యాకయ్య చెంపకు ఆనిచ్చిండు. "దిగు. ఆవలి ఒడ్డున ఆ మోదుగుచెట్ల దిక్కు ఈదు. పడవ నీ వెంబడి వస్తది. పక్కకు తిరిగినవా, కాలుస్త."

యాకయ్య నీళ్లల్ల దిగిండు. తను ఆపుదమనుకున్న పడవకు తనే దారైండు. ఈదుతుంటే కండ్లల్ల నీళ్లొచ్చినయి, చెరువు నీళ్లల్ల కలిసినయి. మోదుగుచెట్ల కింద సారక్క మంచం ఉందని ఆయనకు తెలుసు. ఒక్కొక్క బార ఆయనను ఆమె దగ్గెరికి తీస్కపోతున్నది, ఎన్క తుపాకులను సుత తీస్కపోతున్నది. పడవ రెండు బారల దూరంల కుక్కపిల్ల లెక్క వెంటనే వస్తున్నది. ఆయన జోరు చేస్తే జోరు చేస్తది, మెల్లగైతే మెల్లగైతది.

నడిచెర్వుల యాకయ్య ఆగిండు. మత్తడి ఎడమ పక్కన మోగుతున్నది. నీళ్లు మెత్తగ అటు దిక్కే గుంజుతున్నయి. ఆయన ఎల్లెలికల తేలి, రొప్పు తీసుకున్నడు. పడవ ఆగింది.

"నడువ్!" అన్నడు అమీన్. తూటా యాకయ్య చెవి పక్కన నీళ్లు చిమ్మిచ్చింది.

"కాల్చు సాబ్" అన్నడు యాకయ్య. రొప్పుకుంటనే అన్నడు. "నేను సచ్చినంక నా పీనుగ యాడికి పోతది? నీళ్లెటు పోతే అటు. మత్తడి దుంకుతది. నిలువెత్తు కాదు, నాలుగు నిలువుల లోతు, కిందంత బండలే. నా ఎన్కనే మీరు నలుగురు సుత దుంకుతరు."

అమీన్ మోటరు బందు చేసిండు. ఇగ మత్తడి మోత ఒక్కటే మిగిలింది. యాకయ్య మత్తడి దిక్కు ఒక్క బారేసిండు. పడవ సుత అటే జరిగింది. గిన్నెలు నడవనీకి పెట్రోలు కావాల్నా? ఇంకో బారేసిండు. పడవ ఇంకో బార జరిగింది.

తెడ్ల కోసం జవాన్లు అటిటు చూసిండ్రు. ఒకడు తుపాకి కొయ్యతోని నీళ్లను ఎన్కకు తోసి చూసిండు. పడవకు లెక్కనే లేదు.

"సాబ్, నాకు ఈత రాదు" అన్నడు ఆ జవాన్ ఏడుపు గొంతుతోని.

అమీన్ ఒక చేత పడవ అంచు పట్టుకున్నడు. ఆయనకు సుత రాదు.

"అన్నా!" అని అరిచిండు ఉప్పలయ్య. "యాకన్నా, ఏం జెయ్యమంటవ్ చెప్పు!"

"తుపాకులు నీళ్లల్ల ఎయ్యుండ్రి. అమీన్ సాబ్‌ది సుత. అట్లైతే ఆవలి ఒడ్డుకు తీస్కపోత. మిమ్ములను ఎవలూ ఏమనకుంట నేను చూసుకుంట."

మత్తడి మోత ఇప్పుడు మాట వినబడనంత దగ్గెరైంది. పడవ ముక్కు మీద తుంపర పడుతున్నది. ఉప్పలయ్య తుపాకి ఎత్తిండు. అమీన్ తపంచ వాని దిక్కు తిప్పిండు. ఉప్పలయ్య కండ్లు మూసుకుని తన తుపాకిని నీళ్లల్ల ఇడిచిపెట్టిండు. బుడుంగుమన్నది. మిగిలిన ఇద్దరు సుత ఇడిచిపెట్టిండ్రు. అమీన్ తపంచను చేతిల పట్టుకునే కూసున్నడు. యాకయ్య ఇంకో బారేసిండు. అప్పుడు అమీన్ దాన్ని పడవ అంచు మీది నుంచి జారిడిసిండు.

యాకయ్య తిరిగి మోదుగుచెట్ల దిక్కు ఈదిండు. చేతులు బండలైనయి, గొంతుల నీళ్లు పోయినయి, రెండు మాట్లు మునిగి లేసిండు. ఆయన మునిగినప్పుడల్ల పడవల నలుగురు నిలబడి, "యాకన్నా, యాకన్నా" అని మొత్తుకున్నరు. ఆ నలుగుర్ల అమీన్ సుత ఉన్నడు, నిజం చెప్పాలె.

ఒడ్డున తండా భద్రు బరిసె పట్టుకుని నిలబడ్డడు. దెబ్బ తగిలినోళ్లకు కావలి వాడే. యాకయ్య బురదల మోకాళ్ల మీద పడి చెయ్యెత్తిండు. "ఏమనకు భద్రూ, మాటిచ్చిన."

జవాన్లు దిగిండ్రు. అమీన్ దిగిండు. మోటరు మీద చెయ్యి పెట్టి చూసిండు, ఇంక వేడిగనే ఉంది. "పిస్టన్లు మంచిగ చేసినవ్" అని ఒక బండ మీద పోయి కూసున్నడు. వాగులు తగ్గినంక వాళ్ల మనుషులు వచ్చే దాక రెండు దినాలు ఆ బండ మీదనే ఉన్నడట. భద్రు పెట్టిన జొన్న గట్క తిన్నడట. ఉప్పలయ్య మాత్రం వాళ్లతోని తిరిగి పోలేదు.

మంచాల మీదోళ్లను ఒక్కొక్కలను పడవల పండబెట్టిండ్రు. చెరువు తోక కాడ వాగుల అవతల కొత్తగూడ అడవి మొదలైతది, ఆడ మందిచ్చే మనిషున్నడు. ఆఖరికి సారక్కను భద్రు, ఉప్పలయ్య ఎత్తుకచ్చిండ్రు. జ్వరంతోని మొకం కాలిపోతున్నది. పిక్క ఉబ్బి నల్లబడ్డది. ఇంక రెండు దినాలుంటే కాలు కాదు, మనిషే దక్కకపోవు.

"నువ్వెక్కవా?" అన్నది సారక్క.

"నేనెక్కితే పడవ కదలదు. మన గుండి కరిగి ఆ మోటర్ల ఉంది."

"మరెట్ల?"

"ఎట్లేంది? ముంగట నేను పోత, ఎన్క నువ్వు రా."

"పిచ్చోడా, నిలబడనీకి సుత పాణం లేదు నీకు!"

"తిట్టుకుంట రా. నాకు నిద్ర పట్టదు."

ఆయన మళ్ల నీళ్లల్ల దిగిండు. సారక్క పడవ ముక్కు కాడ తల పెట్టుకుని, నీళ్లల్ల పోతున్న ఆయన నల్లటి తలకాయను చూసుకుంట, ఒకటే తీరుగ తిట్టుకుంట వచ్చింది. మొండోడన్నది, చెప్పకుంట చేస్తవన్నది, పెండ్లినాటి గుండిని కరిగిచ్చినవా, రేపు చుట్టాలొస్తే దేంట్ల వండాలె అన్నది. ఆయన చేతులు ఆగినప్పుడల్ల పడవ ఆగేది. పడవ ఆగంగనే ఆమె గొంతు పెరిగేది. చచ్చిన చెట్ల మోడులు పట్టుకుని రెండు మాట్లు రొప్పు తీర్చుకున్నడు. మూడో మాటు ఆమె తిట్లు ఆగి ఏడుపైంది. ఆ ఏడుపు ఇనలేక లేచి ఈదిండు.

పొద్దు వంగేసరికి కాళ్లకు ఇసుక తగిలింది. యాకయ్య నాలుగడుగులు పాకి, బోర్ల పడ్డడు. పడవ వచ్చి ఆయన అరికాళ్లకు ముక్కు ఆనిచ్చి నిలబడ్డది. గుట్ట మీది నుంచి మనుషులు ఉరికొస్తున్నరు.

సారక్క మోచేతుల మీద లేచి, చెయ్యి చాపి ఆయన తడి తలను ముట్టుకున్నది.

"ఇప్పుడు ఎక్కు" అన్నది. "ఇగ యాడికీ పోయేది లేదు."

యాకయ్య పడవ అంచు పట్టుకుని ఎక్కి, ఆమె పక్కన ఇరుకుగ పండుకున్నడు. పడవ కదలలేదు.